దగ్గితే ఎంత?

మా ఆస్పత్రిలో కళ్ళ విభాగం ముందు టోకెన్లిచ్చే బల్ల దగ్గర ఒకావిడ కూర్చుంటుంది. యాభై ఆరేళ్ళ మనిషి, పొట్టి, కళ్ళజోడుకి నల్ల తాడు కట్టి మెడలో వేసుకుంటుంది. "నంబరు పిలిచేదాకా కూర్చోండి" అన్న మాట పొద్దుట్నుంచి సాయంత్రం దాకా రెండు వందలసార్లు చెబుతుంది. ఆ మాటకి మనిషెందుకు, గోడకి ఒక బోర్డు చాలు. ఇరవై ఆరేళ్ళు ఛాతీ ఆపరేషన్ల వార్డుని ఒంటిచేత్తో నడిపిన నర్సుని తెచ్చి అక్కడ కూలేశారు. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. వయసు మీదపడిందని ఒకరు, డాక్టరుతో పోట్లాటకి దిగిందని ఇంకొకరు. చెత్త మాటలు! అసలు జరిగింది నాకు తెలుసు. తెలియకేం, అందులో నా చెయ్యి కూడా ఉంది. నేనేదో శుద్ధపూసనని చెప్పబోవడం లేదు, ఆ సంగతి ముందే అనేస్తే నాకూ కాస్త తేలిక.

నేను ఆపరేషన్ థియేటర్లో మత్తు టెక్నీషియన్ని. మత్తు డాక్టరు సూది వేసేటప్పుడు మందు నింపి అందించడం, స్కానింగ్ మెషీన్ పట్టుకుని నిలబడడం, అన్నీ అయ్యాక తుడిచి సర్దడం నా పని. ఆవిడ నన్ను "ఒరేయ్ సూదిగా" అని పిలిచేది. నేను "అక్కా" అనేవాణ్ణి. వార్డంతా కలిసి ఆవిడకి పెట్టిన పేరు దగ్గు సిస్టర్.

ఆ పేరెందుకొచ్చిందో చెప్పాలి. ఛాతీ ఆపరేషన్ అంటే పక్కటెముకల మధ్య కోసి, ఎముకల్ని ఎడంగా జరిపి లోపలికి వెళ్ళడం. తర్వాత ఊపిరి పీల్చినా నొప్పే, నవ్వినా నొప్పే. ఇక దగ్గు సంగతి చెప్పనే అక్కర్లేదు, ప్రాణం పోయి వస్తుంది. అలాగని దగ్గకుండా బిగబట్టుకుని పడుకుంటే కఫం లోపలే ఉండిపోతుంది. మూడో రోజుకి జ్వరం, ఐదో రోజుకి నిమ్ము. కోత శుభ్రంగా మానుతుంది, మనిషి దక్కడు. అంచేత ఆవిడ ఉద్యోగమంతా ఒకటే మాట మీద నడిచింది: దగ్గు.

రోగి గుండెల మీద చిన్న దిండు పెట్టి రెండు చేతులతో కావలించుకోమనేది. తన అరచెయ్యి వాళ్ళ వీపుకి ఆనించేది. "దగ్గమ్మా, దగ్గు. నన్ను తిట్టుకుంటూ దగ్గు. మీ ఆడపడుచు ఎదురుగా నిలబడిందనుకుని దగ్గు," అనేది. వాళ్ళు ఏడుస్తూ నవ్వేవాళ్ళు, నవ్వితే నొప్పి పుట్టి మళ్ళీ తిట్టేవాళ్ళు. ఒక పోలీసాయన డిశ్చార్జయి వెళ్తూ, "నా సర్వీసులో ఎందరో రౌడీల్ని చూశాను గానీ ఇట్లాంటి మనిషిని చూళ్ళేదు," అని దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు.

ఆవిడకి తల్లి చిన్నప్పుడే పోయింది. పెద్దక్కే కుట్టు మిషను తొక్కి పెంచి, నర్సు చదువు చదివించింది. అక్కా పెళ్ళి చేసుకోలేదు, చెల్లెలూ చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, "నాకెక్కడ తీరిక, వీళ్ళంతా దగ్గొద్దూ," అనేది. ఇద్దరూ రెండు గదుల ఇంట్లో ఉండేవారు, ఒక గది నిండా పెద్దక్క కుట్టే బట్టలే.

ఇక మన హీరో గారి విషయానికొస్తాను. మత్తు డాక్టరు. ఇప్పుడు సభల్లో సూటు వేసుకుని మాట్లాడతాడు గానీ, తొమ్మిదేళ్ళ కిందట విద్యార్థిగా వచ్చినప్పుడు నాకు బాగా గుర్తు, చేతులు వణికేవి. ఒకసారి ఒక ముసలామెకి మందు రెండింతలు ఎక్కించేశాడు. దగ్గు సిస్టరే కనిపెట్టింది, మనిషిని బతికించుకున్నారు. కాగితం మార్చేస్తే ఎవరికీ తెలిసేది కాదు. వీడు బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆవిడ తలుపు కొట్టి బయటికి లాగింది. "తప్పు చేస్తే చెప్పెయ్ అబ్బాయ్. దాచినవాడి పనే అయిపోతుంది గానీ చెప్పినవాణ్ణి ఎవరూ ఏమీ చెయ్యరు. పద, నేనూ వస్తాను," అని చెయ్యి పట్టుకుని పెద్దాయన గదికి తీసుకెళ్ళింది. పెద్దాయనంటే మా విభాగం పెద్ద డాక్టరు. ఆయన నాలుగు చీవాట్లు పెట్టి వదిలేశాడు. ఆ రోజు నుంచి ఆవిడని వీడు అక్కా అన్నాడు. ఆవిడ తన డబ్బాలో అన్నం సగం వీడికి పెట్టేది. నాకు పావు వంతు పెట్టేది, ఆ లోటు నాకింకా కడుపులో ఉంది.

వీడు డాక్టరై, పేరు తెచ్చుకుని, రెండున్నరేళ్ళ కిందట ఒక పరిశోధన మొదలుపెట్టాడు. ఛాతీ కోసినవాళ్ళకి నొప్పి తెలియకుండా నరాలకి మత్తు ఇవ్వడంలో రెండు పద్ధతులున్నాయి. మేం బ్లాక్ అంటాం. ఒకటి వీపు బ్లాక్, వెన్నుపూస పక్కన నరం బయటికొచ్చే చోటే మందు వెయ్యడం. లోతుగా వెళ్ళాలి, ఊపిరితిత్తి పొర అక్కడే ఉంటుంది, ఇరవై నిమిషాలు పడుతుంది, చెయ్యి తిరిగిన మనిషి కావాలి. రెండోది పక్క బ్లాక్, చంక కింద కండరాల పొరల మధ్య మందు నింపడం. పైపైనే ఉంటుంది, ఐదు నిమిషాల పని. మొదటిది ఇంటికి కరెంటు మెయిన్ దగ్గరే ఆపడం లాంటిది. రెండోది గదిలో స్విచ్ కట్టెయ్యడం లాంటిది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి లోతుగా సూది దించడం ప్రమాదం, వాళ్ళకి పక్క బ్లాకే మేలు. ఆ మాట నేను కాదనను. మిగిలినవాళ్ళకి ఏది మంచిదో తేల్చాలి. మన డాక్టరు అప్పటికే పక్క బ్లాక్‌లో నిపుణుడని పేరుపడ్డాడు. ఊళ్ళు తిరిగి కుర్ర డాక్టర్లకి అదే నేర్పిస్తున్నాడు.

చీటీ తీసి సగం మందికి ఒకటి, సగం మందికి ఒకటి వేశాం. ఎవరికేది వేశామో నాకూ డాక్టరుకే తెలుసు. చూసేవాళ్ళకి తెలియకుండా అందరికీ రెండు చోట్లా పట్టీ అంటించేవాళ్ళం. వార్డులో నొప్పి ఎంతుందో అడిగి రాయాల్సింది దగ్గు సిస్టర్. ఆవిడ పట్టింపు ఎంతంటే, ఒకరోజు ఒకాయన సునాయాసంగా దగ్గుతుంటే నేను నోరు ఊరుకోక, "అక్కా, ఆయనకి ఏది వేశామంటే..." అని మొదలెట్టాను. చేతిలో ఉన్న అట్టతో నా నెత్తి మీద ఒక్కటిచ్చింది. "నోరు మూసుకోరా వెధవా! నాకు తెలిస్తే నా పెన్ను అటే వంగుతుంది. ఇంకోసారి నా దగ్గర ఆ మాటెత్తావో, వార్డు గుమ్మం ఎక్కనివ్వను," అంది. మళ్ళీ నేనెత్తలేదు. ఆవిడ అడగనూ లేదు.

రాయాల్సిన ఫారంలో రెండు గళ్ళు. కదలకుండా పడుకుంటే నొప్పి పదికి ఎంత, దగ్గితే పదికి ఎంత. సున్నా అంటే నొప్పి లేదు, పదంటే భరించలేనంత.

మొదటి నెలలో ఒక చిత్రం జరిగింది. రిటైరైన బడిపంతులు ఒకాయన్ని ఈవిడ దగ్గించి, "పదికి ఎంత మాస్టారూ?" అని అడిగింది. ఆయన చిద్విలాసంగా, "పదికి పది," అన్నాడు. ఈవిడ నొప్పి మందు కోసం పరిగెత్తబోతుంటే ఆయనే ఆపాడు. "ఎందుకమ్మా కంగారు? బ్రహ్మాండంగా ఉంది. ముప్ఫై ఐదేళ్ళలో ఏ పిల్లవాడికీ పదికి పది వెయ్యలేదు, మీ డాక్టరుకి వేశాను," అన్నాడు.

అంటే ఆయన వేసింది నొప్పి కొలత కాదు, మార్కులు! అక్కకి అనుమానం వచ్చింది. పక్క మంచం మీద మూలుగుతూ "రెండు" అన్న ఒకామెని మళ్ళీ అడిగింది. "ఇంత నొప్పి పెడుతుంటే ఎక్కువెలా వేస్తానమ్మా? రెండిచ్చిందే ఎక్కువ," అందామె. అప్పటికి పదకొండు మంది ఫారాలు నిండాయి. అందులో ఎవరు నొప్పి చెప్పారో ఎవరు మార్కులేశారో దేవుడికే తెలియాలి.

ఆవిడ చించి పారేసి ఊరుకోవచ్చు. ఎవరడుగుతారు? ఆ పదకొండూ పట్టుకుని సరాసరి డాక్టరు గదికి వెళ్ళింది, నేను అక్కడే ఉన్నాను. "బాబూ, నా వల్ల పొరపాటు జరిగింది. నేను అడగడంలోనే తేడా ఉంది. ఇవి పనికిరావు," అంది. వాడు కుర్చీలోంచి పడిపోయేంత నవ్వాడు. "నువ్వు కాబట్టి చెప్పావక్కా. ఇంకొకళ్ళయితే మింగేసేవాళ్ళు," అన్నాడు. ఆ పదకొండూ తీసేసి కొత్తగా మొదలుపెట్టారు. ప్రశ్న కూడా ఆవిడే మార్చింది. "నొప్పన్నదే లేకపోతే సున్నా. చచ్చిపోతే బావుణ్ణు అనిపిస్తే పది. మార్కులు కాదు, బాధ. ఇప్పుడు చెప్పు, దగ్గితే ఎంత?" అని అడిగేది. మళ్ళీ ఒక్కరు కూడా పొరబడలేదు. డాక్టరు అనేవాడు, "అక్కా, పడుకున్నప్పుడు ఎవడైనా బాగానే ఉంటాడు. మన పరిశోధనకి ప్రాణం నీ దగ్గు గడే," అని. ఆ మాటకి ఆవిడ ఎంత మురిసిందో! ఏడాదిన్నర పాటు ఒక్క పూట మానకుండా నూట ఇరవై మందిని అడిగింది. వారం సెలవు పెట్టాల్సొస్తే కూడా పెట్టలేదు.

అంకెలన్నీ కూడిన రోజు నేను చూశాను. కదలకుండా పడుకుంటే రెండు పద్ధతులకీ తేడా లేదు, అందరికీ రెండో, మూడో. దగ్గు గడికొచ్చేసరికి వీపు బ్లాక్ వాళ్ళకి మూడు, నాలుగు. పక్క బ్లాక్ వాళ్ళకి ఆరు, ఏడు. డాక్టరు మొహం మాడిపోయింది. ఊరూరా తిరిగి తను నేర్పిన పద్ధతే వెనకబడింది మరి. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు నవ్వుతూ వచ్చాడు. నేను బాధ దిగమింగుకున్నాడు కాబోలు అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నాలుగు నెలలకి పత్రికలో వ్యాసం వచ్చింది. ఆ ప్రతి వార్డుకి తెచ్చి మిఠాయి పంచారు. రెండు పద్ధతులూ సమానమని, పక్క బ్లాక్ తేలిక కాబట్టి అదే మేలని అందులో తేల్చారు. అక్క మిఠాయి పక్కన పెట్టి, కళ్ళజోడు తగిలించుకుని, వేలు పెట్టి ఒక్కో ఇంగ్లీషు ముక్కా కూడబలుక్కుంటూ చదివింది. ఒకచోట వేలు ఆగిపోయింది. నన్ను పిలిచి అర్థం సరిగ్గా చెప్పమంది. నేను చెప్పాను. దగ్గినప్పటి నొప్పి అంకెల్ని లెక్కలోకి తీసుకోలేదు, వాటిని సేకరించిన వార్డు సిబ్బందికి కొలత అర్థం కాకపోవడం వల్ల అవి నమ్మదగినవి కావు. అదీ ఆ వాక్యం.

"వార్డు సిబ్బంది అంటే ఎవర్రా?" అంది.

"నువ్వే అక్కా."

ఆవిడ పత్రిక మూసి నాకిచ్చేసింది. తర్వాత, "ఆ పదకొండూ నేను తెచ్చి చెప్పకపోతే వాడికెలా తెలిసేది?" అంది. మిఠాయి అలాగే ఉండిపోయింది, సాయంత్రం నేనే తీసి పారేశాను.

అయినా మనిషిని వెంటనే చెడ్డగా అనుకోలేదు. అచ్చువాళ్ళు ఏదో మార్చి ఉంటారనుకుంటూ వెళ్ళి అడిగింది. వాడు ఫోను చూస్తూనే, "అదా అక్కా, అలా ఏదో ఒక కారణం రాయాలి. నీ పేరు ఎక్కడా లేదు కదా," అన్నాడు.

"పదకొండే కదా బాబూ తప్పు? మిగతా నూట ఇరవై ఏం చేశాయి?"

"ఒకసారి పొరపాటు జరిగిందంటే మొత్తం మీద అనుమానమేగా. వదిలెయ్ అక్కా, దీనికేం అంత పట్టుకుంటావు?"

ఏరు దాటాక తెప్ప తగలెయ్యడం అంటే ఇదే. ఆవిడ వదిలెయ్యలేకపోయింది, అలాగని ఏం చెయ్యాలో కూడా తోచలేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ రాసిన కాగితం మీద రెండో మనిషి పెన్ను పెట్టిన పాపాన పోలేదు. జ్వరం నూటొకటి అని ఆవిడ రాస్తే నూటొకటే. ఆ మాట ఒక్కటే ఆవిడకున్న ఆస్తి. వాడు దాని మీద ఉమ్మేసి, నీ పేరు లేదుగా అంటున్నాడు. బహుశా వాడు తన పద్ధతి మంచిదని నిజంగా నమ్మాడేమో, పిచ్చి ప్రేమ కొద్దీ కళ్ళు మూసుకున్నాడేమో అని నాతో అనేది. అలా అనుకుంటే ఆవిడకి కాస్త ఊరటగా ఉండేది.

అప్పట్నుంచి మా దగ్గర అందరికీ పక్క బ్లాకే వేసేవాళ్ళం. థియేటర్లో ఐదు నిమిషాల్లో పనైపోయేది, అందరూ సంతోషమే. వార్డులో అక్క గొంతు మాత్రం పెరిగింది. దిండు కావలించుకుని గుడ్లనీరు కుక్కుకునేవాళ్ళతో వేగలేక సాయంత్రానికి అలిసిపోయేది.

రెండు నెలలకి పెద్దక్కకి ఊపిరితిత్తిలో గడ్డ బయటపడింది. ఆపరేషన్ తప్పదన్నారు. తల్లిలా సాకిన మనిషి. అక్క రోషం చంపుకుని మత్తు డాక్టరు గదికి వెళ్ళింది, వీపు బ్లాక్ వెయ్యమని బతిమాలుకోవడానికి. వెళ్ళిన రెండు నిమిషాలకే తిరిగొచ్చి, థియేటర్ బట్టలు మార్చుకునే గదిలో స్టూలు మీద కూలబడింది. ఒప్పుకోలేదు కాబోలనుకున్నాను.

"ఏమన్నాడక్కా?"

"నేను నోరు తెరవకముందే అన్నాడ్రా. 'నువ్వడగాలా అక్కా? మనవాళ్ళకి నేనెప్పుడూ వీపులోనే వేస్తాను,' అన్నాడు." ఆవిడ కళ్ళజోడు తీసి మెడలోకి వదిలేసింది. "వాడికి తెలుసురా. తెలిసే రాశాడు. నాకు అర్థం కాలేదని లోకానికంతా చెప్పి, నేను రాసిందే నిజమని వాడు తన వాళ్ళకి వేసుకుంటున్నాడు. నమ్మించి గొంతు కోశాడు."

నేను ఆశ్చర్యపోయినట్టు మొహం పెట్టాను. ఆశ్చర్యమేమిటి నా బొంద, అలా వీపులో వేయించుకున్న "మనవాళ్ళు" అప్పటికే ఐదుగురయ్యారు. ఐదుగురికీ మందు నింపి అందించింది నేనే. అందులో ఒకరు సాక్షాత్తూ పెద్దాయన తమ్ముడు.

పెద్దక్కకీ ఒక వ్యాను డ్రైవరుకీ ఒకే రోజు ఆపరేషన్. ఒకే రకం కోత. మర్నాడు ఉదయం పక్కపక్క మంచాల మీద ఉన్నారు. పెద్దక్క దిండు పట్టుకుని, మొహం కాస్త చిట్లించి, ఖంగుమని దగ్గింది. డ్రైవరు నలభై ఏళ్ళ దిట్టమైన మనిషి, దిండు కొరికిపట్టి, "నా వల్ల కాదు సిస్టర్, నన్నొదిలెయ్యండి," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పెద్దక్క అది చూసి, "ఏమే, మా ఇద్దరిదీ ఒకటే కోత కదా? పాపం ఆయనకెందుకంత నొప్పి?" అంది. అక్క వెళ్ళి ఆయన వీపుకి అరచెయ్యి ఆనించింది. డ్రైవరు దగ్గలేకపోయాడు. ఐదో రోజుకి నిమ్ము పట్టింది. బతికాడు గానీ, వారంలో ఇంటికెళ్ళాల్సినవాడు నెల రోజులు మంచానికి అంటుకుపోయాడు. ఆయన భార్య రోజూ అక్క చెయ్యి పట్టుకుని, మేమేం తప్పు చేశామమ్మా అని అడిగేది.

పెద్దక్క ఇంటికెళ్ళిన మర్నాడు అక్క ఒక కాగితం రాసి పెద్దాయనకిచ్చింది. రెండే కోరికలు. కొలత అర్థం కాలేదన్న వాక్యాన్ని సరిదిద్దాలి. దగ్గు గడిని లెక్కలోకి తీసుకుని ఫలితం మళ్ళీ తేల్చాలి. పెద్దాయన శుక్రవారం మూడింటికి ముగ్గుర్నీ రమ్మన్నాడు: ఆవిణ్ణి, డాక్టరుని, నన్ను.

శుక్రవారం మధ్యాహ్నం డాక్టరు నాకు వరండాలో ఎదురయ్యాడు. భుజం మీద చెయ్యి వేశాడు. "నీ పర్మనెంటు ఫైలు నా బల్ల మీదే ఉందోయ్. ఈ వారం సంతకం పెట్టి పంపేద్దామనుకుంటున్నా," అన్నాడు. ఇంకేమీ అనలేదు. పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీద ఏడాదికోసారి బిక్కుబిక్కుమంటూ బతికేవాడికి ఇంకేమీ అనక్కర్లేదు కూడా.

పెద్దాయన గదిలో అక్క కూర్చోలేదు, కుర్చీ వెనక నిలబడింది. చెప్పాల్సింది తడబడకుండా చెప్పింది. పదకొండు ఫారాల సంగతీ, ప్రశ్న మార్చిన సంగతీ, డ్రైవరు సంగతీ చెప్పింది. చివర్న, "మనవాళ్ళకి వీపులోనే వేస్తానని ఆయనే నాతో అన్నారు సార్. మా అక్కకి వేశారు కూడా," అంది.

డాక్టరు తల కూడా తిప్పలేదు. "వేశాను సార్. ఆవిడ అడిగింది, పెద్దామె, కాదనలేకపోయాను. అదే నేను చెప్పేది. ఈవిడకి మొదట్నుంచీ వీపు బ్లాక్ మీద మోజు. ఎవరికేది వేశామో కూడా ఈవిడకి తెలుసు. అంకెలు అటు మొగ్గడంలో వింతేముంది?"

సాయమని చేసినదాన్నే వాడు కత్తిలా తిప్పాడు. అయినా అక్క తగ్గలేదు. "పుస్తకంలో నాకు అర్థం కాలేదన్నారు. ఇప్పుడు నాకు అన్నీ తెలుసంటున్నారు. రెండూ ఎలా కుదుర్తాయి బాబూ? మొద్దునా, దొంగనా? ఏదో ఒకటి తేల్చు," అంది.

పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ ప్రశ్న ఆయనకి తగిలిందని నాకు తెలిసింది. నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఎవరికి ఏ బ్లాక్ వేశారన్నది నువ్వు ఈవిడకి ఎప్పుడైనా చెప్పావా?"

అక్క నా వైపు చూసింది. ఆ మొహంలో ఎంత నిబ్బరం వచ్చిందో ఏం చెప్పను! ఇక అయిపోయింది, గండం గట్టెక్కింది అన్నట్టు కుర్చీ మీంచి చెయ్యి తీసేసింది. లేదు సార్. అంతే, రెండు మాటలు. చెప్పబోతే అట్టతో నెత్తి మీద కొట్టింది సార్ అంటే పెద్దాయన నవ్వేవాడు కూడా. ఆ రెండు మాటలంటే ఆవిడ ఇరవై ఆరేళ్ళూ నిలబడేవి.

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"గుర్తు లేదు సార్," అన్నాను.

"గుర్తు లేకపోవడమేమిటయ్యా? చెప్పావా, లేదా?"

"మాటల్లో... ఎప్పుడైనా వచ్చి ఉండొచ్చు సార్."

పెద్దాయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. కాగితం మడిచి సొరుగులో వేశాడు. "ఇంత సర్వీసున్నదానివి, ఇలాంటి వాటిల్లో తల దూర్చకమ్మా. కొన్నాళ్ళు తేలిక పని ఏదైనా చూసుకుందువుగాని," అన్నాడు. డాక్టరు లేచి, ఆవిడ కోసం తలుపు తీసి పట్టుకున్నాడు. ఛీ, ఆ మర్యాద చూసి నాకే ఒళ్ళు మండింది. నాకు మండి ఏం లాభం?

వాడు అటు వెళ్ళిపోయాడు. ఆవిడా నేనూ లిఫ్టు దాకా నడిచాం. ఆవిడ ఏడవలేదు. తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొడితే బావుణ్ణనుకున్నాను.

"అక్కా," అన్నాను. "నా పరిస్థితి నీకు తెలియంది కాదు... ఆ ఫైలు..."

లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఆవిడ ఒక అడుగు పక్కకి జరిగి దారిచ్చింది.

"మీరు వెళ్ళండి. నేను మెట్ల మీదుగా వెళ్తాను," అంది.

నా వెనక డాక్టరెవరైనా వచ్చి నిలబడ్డారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు.